సారెబండ

నాకు నీళ్ళంటే భయం. మా ప్రొద్దుటూరులో ఈ మాట ఎవరితో అన్నా పకపకా నవ్వుతారు. ట్యాంకరు హారన్ వినపడితే చాలు, పొయ్యి మీది పాలు కూడా వదిలేసి బిందెలతో పరుగెత్తే వీధి మాది. అలాంటి వీధిలో కాపురముంటూ నీళ్ళంటే భయమేంది అని ఎగతాళి చేస్తారు. చెయ్యనీ. వాళ్ళెవరూ ఆ గుండం దగ్గర నిలబడలేదు. వానలు మొదలైతే ఫోన్లో జలపాతాల వీడియోలు పంపుతుంటారు, "ఎంత బాగుందో సూడక్కా" అని. నేను ఫోన్ బోర్లా పెట్టేస్తాను. మిద్దె మీద ట్యాంకు నిండి నీళ్ళు గోడ వెంబడి జారే చప్పుడు విన్నా నా అరచేతులకు చెమట పడుతుంది.

ఈ భయం పుట్టుకతో వచ్చింది కాదు. కొన్నేళ్ళ కిందట ఒక కార్తీక మాసంలో, పట్టపగలు, అరగంట కూడా పట్టని సమయంలో నాలో జొరబడింది. ఆ రోజు ఏం జరిగిందో మా ఆయనకు ఇప్పటికీ సగమే తెలుసు. మిగిలిన సగం ఇక్కడ చెప్తున్నాను.

నేనూ మా ఆయనా మరమగ్గాల షెడ్డులో పనిచేస్తాం. రేకుల కింద మగ్గాలన్నీ ఒక్కసారిగా ఆడుతుంటే పక్కన నిలబడి అరిచినా వినపడదు. అందుకే షెడ్డులో మాకు నోటితో పనిలేదు, చేతులతోనే మాట. రెండు వేళ్ళు కత్తెరలా ఆడిస్తే దారం తెగిందని. పిడికిలి గిరగిరా తిప్పితే కండెకు చుట్టిన నూలు అయిపోయిందని. రెండు చేతులూ తలపైకెత్తి అడ్డంగా పెనవేస్తే, ఉన్నవన్నీ ఆపేసి కరెంటు మెయిన్ దించెయ్యమని. ఈ చివరి సైగ అన్నేళ్ళలో ఒకేసారి చూశాను, ఒకామె కొంగు బెల్టులో చిక్కుకున్నప్పుడు. ఆమె బతికింది గానీ, ఆ సైగ తలుచుకుంటే ఈనాటికీ ఒళ్ళు జలదరిస్తుంది. అలవాటైపోయి మేమిద్దరం ఇంట్లో కూడా సగం మాటలు సైగలతోనే కానిచ్చేస్తాం. పోట్లాట మాత్రం నోటితోనే.

మా అత్తకు అప్పటికే డెబ్బై దాటాయి. మనిషి పుల్లలా ఉంటుంది, నోరు మాత్రం ఊరంత. వసారాలో రాట్నం ముందు కూర్చుని చేతిమగ్గాల వాళ్ళకు కండెలు చుట్టిస్తుంది. ఆమె పుట్టిల్లు చక్రాయపేట అవతల, కొండ కింద ఒక చిన్న పల్లె. ఆ కొండ లోపల ఒక లోతైన లోయ, లోయ చివర పైనుంచి దూకే నీళ్ళు. ఊరివాళ్ళు దాన్ని గుండం అని మాత్రమే అంటారు. అది ఏడాది పొడుగునా పారేది కాదు. చాలా ఏళ్ళు రాతి మీద నల్లటి చార మాత్రమే ఉంటుంది. ఏ ఏడో తుఫాను వానలు దంచికొడితే అప్పుడు దిగుతుంది.

దిగినప్పుడు ఆ ఊళ్ళో ఒక ఆచారం ఉంది. ఆ నీళ్ళను వాళ్ళు గంగమ్మ అంటారు, గంగమ్మ ఆ ఊరి ఆడబిడ్డ అంటారు. ఎక్కడికో కాపురానికి పోయి ఏళ్ళకేళ్ళు మొహం చూపించని ఆడబిడ్డ పుట్టింటికొస్తే ఉత్తచేతులతో పంపుతారా? అందుకని ఆ ఊళ్ళో పుట్టిన ఆడవాళ్ళు ఎక్కడున్నా వచ్చి సారె పెట్టాలి. చేటలో చీర, రవికెగుడ్డ, పసుపు, కుంకుమ, గాజులు, ఒడిబియ్యం. ఏటి మధ్యలో సారెబండ అని ఒక పెద్ద చదును రాయి ఉంది. దాని మీద నిలబడి ఇవ్వాలి. మగవాళ్ళు బండ ఎక్కకూడదు. చేట పట్టుకునేందుకు ఒక కోడలు వెంట పోవచ్చు. ముత్తైదువా కాదా అన్న పట్టింపు లేదు. మా మామ పోయి పదేళ్ళైనా మా అత్తకు ఆ హక్కు పోలేదు. ఇంకొక్క నియమం ఉంది, అదే మా కొంప ముంచింది. సారె ఇచ్చాక గంగమ్మకు వీపు చూపించకూడదు. నీళ్ళ వైపే మొహం పెట్టి, వెనక్కి వెనక్కి నడుస్తూ గట్టు చేరాలి.

ఆ కార్తీకంలో వారం రోజులు ముసురు పట్టింది. వాన తెరిపిచ్చిన రోజు పొద్దున్నే ఫోన్ వచ్చింది. మా అత్త తమ్ముడి వరసయ్యే మనిషి, ఆ పల్లెలోనే మేకలు మేపుకుంటూ ఉంటాడు.

"అక్కా, గుండం దిగింది. ఈ తూరి మామూలుగా ల్యా. వచ్చి సూసుకో."

మా అత్త ఫోన్ పెట్టకముందే చీరల పెట్టె తెరిచింది. "ఏడేండ్లాయె ఆ తల్లి మొగం సూసి. పదండి, పోదాం."

"అత్తా, ఆ కొండలో నడిచొచ్చి మళ్ళ మోకాళ్ళకు నాతోనే నూనె పట్టించుకుంటావు," అన్నాను.

"నీతో గాక పక్కింటామెతో పట్టించుకుంటానా? గమ్మున చేట తుడుసు."

అడుసు తొక్కనేల, కాలు కడగనేల అని గొణుక్కుంటూనే తుడిచాను. మా ఆయన షెడ్డుకు సెలవు చెప్పాడు. "మళ్ళ ఆ నీళ్ళు దిగేసరికి మాయమ్మ ఉంటాదో ల్యాదో. పోయొద్దాం లేమ్మే," అన్నాడు.

ఎర్రగుంట్ల మీదుగా వేంపల్లె పోయి అక్కడ బస్సు మారాం. గండి దగ్గర పాపాగ్ని ఎర్రగా పారుతోంది. బస్సులో కూర్చున్నవాళ్ళంతా ఒకవైపుకు ఒరిగి కిటికీల్లోంచి తలలు బయటపెట్టారు. మా అత్త ఆంజనేయస్వామికి ఒక దండం, ఏటికి నాలుగు దండాలు పెట్టింది. "ఓయమ్మా, ఎట్ల పోతాండాదో సూడు, ఎట్ల పోతాండాదో," అని చిన్నపిల్లలా సీటు మీద ఎగిరింది. కండక్టరు తిట్టాల్సింది పోయి, తనూ వచ్చి తొంగిచూశాడు. మా జనం అంతే. పెన్నకు నీళ్ళొచ్చాయంటే ప్రొద్దుటూరు వంతెన మీద తిరునాళ్ళ లెక్క జనం. కొత్తనీళ్ళు కనపడితే చేత్తో తాకి కళ్ళకద్దుకుంటాం. నీళ్ళు వస్తే ఎదురుపోతామే గానీ, నీళ్ళ నుంచి పారిపోవడం మాకు ఎవరూ నేర్పలేదు. ఎవరికి అవసరమైంది గనక?

పల్లెలో టీ తాగి లోయలోకి నడిచాం. మేకలాయన ముందు, ఆయన భుజాన దోటి. పైకొమ్మల ఆకు మేకలకు దించడానికి చివర కొడవలి కట్టిన పొడుగాటి వెదురు అది. రెండు వైపులా కొండలు దగ్గరవుతూ వచ్చాయి. కొంతదూరం పోయేసరికి ఆకాశం చీర అంచంత వెడల్పు మిగిలింది. అప్పుడు వినపడింది చప్పుడు.

నిజం చెప్పాలంటే, మొదట నాకు షెడ్డు దగ్గరికొచ్చినట్టే అనిపించింది. అదే డబడబ, అదే గుండెల్లో కొట్టుకోవడం. ఇంకో వంద అడుగులు వేసేసరికి అది అరికాళ్ళలోకి ఎక్కింది. కింద రాయి వణుకుతోంది. షెడ్డులో ఎంత చప్పుడైనా దాన్ని ఆపడానికి గోడకు ఒక మెయిన్ ఉంటుంది. దీనికి లేదు. ఈ చప్పుడును ఎవరూ ఆపలేరు అన్న ఆలోచన వచ్చింది. వెనక్కి పోదామని మా ఆయన చొక్కా పట్టి లాగాను కూడా. ఆయన వినపడనట్టు నటించాడు.

మాట ఇంకా వినపడే చోటే, మలుపుకు ఇవతల, మేకలాయన మమ్మల్ని నిలబెట్టాడు.

"అక్కా, నేను పైన మిట్ట మీద మేకల కాడ ఉంటా. పైన యాడన్నా వాన పడితే ఈడ తెలీదు, ఈడ ఎండ కాస్తానే ఉంటాది. ఎండాకు, పుల్లలు, మేకపెంటికలు కొట్టుకొచ్చినాయంటే కొత్తనీళ్ళు వెనకే వస్తాండాయని గుర్తు. అప్పుడు చేటా గీటా ఆడ్నే పారేసి వచ్చేయాల. నిలబడొద్దండి."

"నాకు చెప్తాండావేమిరా? ఈ వంక నీళ్ళల్లో ఈదులాడినదాన్ని," అంది మా అత్త.

"అప్పుడు నీకు మోకాళ్ళ నొప్పుల్లేవు గదక్కా." ఆయన నా వైపు తిరిగి, "బిడ్డా, నీకు చెప్తాండా. గుర్తు పెట్టుకో," అన్నాడు.

"సరే చిన్నాయనా," అన్నాను. ఆ మాట అన్నది నేనే. అది మరిచిపోవడానికి లేదు.

మలుపు తిరిగాం. దేవుడా! పదిహేను నిలువుల ఎత్తు నుంచి నీళ్ళు పడుతున్నాయి. పడడం అంటే జారడం కాదు, ఎవరో పైనుంచి కొండనే కుమ్మరిస్తున్నట్టు. సగం దారిలో ఒక రాతి గూటిని కొట్టుకుని విరిగి, మళ్ళీ ఒకటై గుండంలో పడుతోంది. గుండంలో నీళ్ళు లేవు, తెల్లటి పొగ ఉంది. ఆ పొగలోంచి చల్లటి గాలి వచ్చి మనిషిని వెనక్కి నెడుతోంది. యాభై అడుగుల దూరంలోనే నా చీర తడిసి కాళ్ళకు చుట్టుకుంది. అందంగా ఉందా అని నన్ను తర్వాత చాలామంది అడిగారు. ఏమో, నేను చూడలేదు. నాకు కనపడిందల్లా ఏటి మధ్యలో సారెబండ, దానికీ గట్టుకూ మధ్య మోకాటి లోతు నీళ్ళు. పది అడుగులు.

మా ఆయన మలుపు దగ్గరే ఎత్తుగా ఉన్న రాయి మీద ఆగిపోయాడు. మేకలాయన పైకి ఎక్కిపోయాడు. నేను చేట నెత్తిన పెట్టుకుని, ఒక చేత్తో దాన్ని, ఇంకో చేత్తో మా అత్త మణికట్టును పట్టుకుని ఏట్లో దిగాను. మా అత్త చేతికి వెండి కడియం ఉంటుంది, ఆ కడియం నా వేళ్ళ కింద చల్లగా తగిలింది. నీళ్ళు పిక్కల్ని తోసేస్తున్నాయి. అడుగు తీసి అడుగు వేసేలోపల రెండో కాలు కింద ఇసుక జారిపోతోంది. పది అడుగులకు పది దేవుళ్ళకు మొక్కాను.

బండ ఎక్కాక మా అత్త మనిషి మారిపోయింది. వంగి బండ కడిగి పసుపు రాసింది. కుంకుమ పెట్టింది. చీర మడత విప్పి నీళ్ళకు చూపించింది, కొన్న చీరను కూతురికి చూపించినట్టు. ఏదో మాట్లాడుతోంది. పక్కనే ఉన్నా నాకు ఒక్క ముక్క వినపడలేదు. షెడ్డు అలవాటు కొద్దీ పెదాలు చదివాను. ఎన్నేండ్లకొస్తివే తల్లీ, ఎన్నేండ్లకొస్తివే అంటోంది. కళ్ళనుంచి కారేది ఏడుపో తుంపరో తెలియలేదు.

అప్పుడు నా కాలి దగ్గర బండకు ఒక ఎండాకు అంటుకుంది.

ఇంకొకటి. తర్వాత పుల్లలు, నురగ, గుండ్రంగా నల్లటి పెంటికలు. చూశాను. చిన్నాయన చెప్పింది అక్షరం పొల్లుపోకుండా గుర్తుకొచ్చింది. కొత్తనీళ్ళు వస్తున్నాయి. బుద్ధి ఉన్న మనిషైతే ఆ క్షణంలో పరుగెత్తాలి. నేనేం చేశానో తెలుసా? వంగి ఆ ఎండాకుల నీళ్ళు దోసిట పట్టి నెత్తిన చల్లుకున్నాను. మా అత్తను తట్టి చూపించాను. చూపించింది పారిపోదామని కాదు, చూడు కొత్తనీళ్ళు అని. ఆమె మొహం వెలిగిపోయింది. ఆడబిడ్డ తనే వచ్చి సారె తీసుకుంటోంది అనుకుంది. ఇద్దరం చేతులు జోడించి నిలబడ్డాం. నీళ్ళ కోసం ఏళ్ళ తరబడి మొహాలు వాచిన ఇద్దరు ఆడవాళ్ళం, చావు ఎదురొస్తుంటే దండం పెట్టుకుంటూ నిలబడ్డాం.

ఎందుకో తల తిప్పాను. మలుపు దగ్గర రాయి మీద మా ఆయన రెండు చేతులూ తలపైన అడ్డంగా పెనవేసి ఉన్నాడు. అన్నీ ఆపెయ్. మెయిన్ దించెయ్. నోరు తెరిచి అరుస్తున్నాడు, చప్పుడు లేదు. కిందికి చూస్తే బండ అంచు కనపడలేదు. నీళ్ళు ఎర్రబారాయి.

మా అత్త రెక్క పట్టుకుని లాగాను. ఆమె విదిలించుకుంది. చీర ఇంకా వదల్లేదు. గబగబా చేటతో సహా నీళ్ళలో వదిలి దండం పెట్టింది. పదా అని మళ్ళీ లాగాను. వచ్చింది, కానీ వెనక్కి. గుండం వైపు మొహం పెట్టి, జోడించిన చేతులతో, ఒక్కో అడుగే వెనక్కి. నేను ఆమె చెవిలో నోరు పెట్టి, "తిరుగత్తా, తిరుగు!" అని అరిచాను. తల అడ్డంగా ఊపింది. ఇంటికొచ్చిన ఆడబిడ్డకు వీపు చూపిస్తామా అని ఆమె మొహమే చెప్పింది. నీ ఆడబిడ్డ ముఖాన మన్ను పడ అని తిట్టాను. ఆ తిట్టు గంగమ్మకు తగిలిందేమో.

ఏట్లోకి దిగేసరికి నీళ్ళు తొడల దాకా వచ్చేశాయి. వచ్చేటప్పుడు మోకాళ్ళు. మధ్యలో గడిచింది ఎంతసేపని? రెండు నిమిషాలుంటుందా? ఆమె మణికట్టు నా కుడి చేతిలో ఉంది. నేను పక్కకు నడుస్తున్నాను, ఆమె వెనక్కి నడుస్తోంది. నాలుగో అడుగో ఐదో అడుగో, ఆమె మడమ ఏదో గుండ్రాతి మీద పడి వెల్లకిలా పోయింది. ఆమెతో పాటు నా చెయ్యి, చేత్తో పాటు నేను. నోట్లోకి బురదనీళ్ళు పోయాయి. కాళ్ళ కింద నేల లేదు. ఒక పక్క గట్టు, కానుగ చెట్టు వేర్లు చేతికందేంత దూరంలో. ఇంకో పక్క ఆమె బరువు నన్ను కిందికి లాగుతోంది.

జారిందా, వదిలానా అని నన్ను నేను వెయ్యిసార్లు అడుక్కున్నాను. జారలేదు. వేళ్ళు విప్పింది నేనే. ఎలా తెలుసంటే, ఖాళీ అయిన ఆ చేత్తోనే కానుగ వేరు పట్టుకున్నాను.

గట్టు మీదికి ఎలా పాకానో తెలియదు. తల ఎత్తేసరికి మా ఆయన రాళ్ళ గుట్ట దాటుకుని నా ముందుకొచ్చాడు. మొహంలో నెత్తురు చుక్క లేదు. అరచెయ్యి తిప్పి అడిగాడు, అమ్మ యాడ? దారం తెగింది, కండె అయిపోయింది, నీళ్ళు కావాలి, ఓనరు వస్తున్నాడు, అన్నిటికీ మాకు సైగలున్నాయి. మీ అమ్మ చెయ్యి వదిలేశాను అనడానికి లేదు. నేను ఏటి వైపు చెయ్యి చూపించి అలాగే కూలబడిపోయాను. ఆమె పోయింది, నేను చంపాను అనుకున్నాను. అంత భయం నాకు అంతకు ముందు లేదు, ఆ తర్వాతా లేదు. నీళ్ళంటే కాదు, నేనంటే భయం వేసింది.

పైనుంచి మేకలాయన దోటి ఊపుతూ దిగుతున్నాడు. ఆయన చూపించిన వైపు చూశాం. కింద ఇరవై అడుగుల దూరంలో, రెండు రాళ్ళ సందులో తెల్లటి తల. మా అత్త ఒక రాయిని రెండు చేతులా కౌగిలించుకుని ఉంది. ఎర్రనీళ్ళు ఆమె భుజాల మీదుగా పోతున్నాయి. నోరు ఆడుతోంది. స్వామి పేరు తలుచుకుంటోంది కాబోలు అనుకున్నాను.

మేకలాయన దోటి కొన నుంచి కొడవలి ఊడదీసి పారేశాడు. తన తలగుడ్డను వెదురుకు ఉచ్చులా కట్టాడు. మా ఆయన నడుముకు నా చీర కొంగు చుట్టి, ఆయన్ను ఏట్లోకి దించాం. ఆయన వెదురు ముందుకు చాపాడు, వెనక కొన నేనూ చిన్నాయనా పట్టుకున్నాం. ఉచ్చు మా అత్త చంకలోకి దూరేదాకా మూడుసార్లు తప్పిపోయింది. నాలుగోసారి పట్టింది. లాగాం. వెదురు నా అరచేతుల్లో జారుతూ తోలు ఒలుచుకుపోయింది. ఈసారి నేను వదల్లేదు. ఏం లాభం, వదలకూడని చోట వదిలేసి, ఇక్కడ పట్టుకుంటే?

ఆమెను మోసుకుని మిట్ట ఎక్కి వెనక్కి చూసేసరికి సారెబండ లేదు. లోయ ఈ కొండ నుంచి ఆ కొండ దాకా ఎర్రటి నీళ్ళు, అందులో చెట్లకు చెట్లే దొర్లిపోతున్నాయి. అక్కడే కూర్చుండిపోయాం. మా ఆయన వాళ్ళమ్మ పాదాలు రుద్దుతూ వెక్కి వెక్కి ఏడ్చాడు. మా పైన ఎండ కాస్తూనే ఉంది.

పల్లెకు చేరాక ఆడవాళ్ళంతా చుట్టూ మూగారు. మా అత్త దుప్పటి కప్పుకుని, వేడినీళ్ళు రెండు గుక్కలు తాగి, నోరు తెరిచి అన్న మొదటి మాట ఇది:

"నా కోడలు నా చెయ్యి వదల్లేదమ్మా. దాని వల్ల బతికినా."

నా పై ప్రాణాలు పైనే పోయాయి. అందరూ నా చేతులు పట్టుకుని చూశారు. తోలు ఒలిచిన అరచేతులు, కారుతున్న రక్తం. ఇంతకన్నా సాక్ష్యం ఏం కావాలి? ఒకామె నా నొసట కుంకుమ పెట్టింది. నేను నోరెత్తలేదు. పడ్డ దెబ్బకు మా అత్తకు తెలియలేదు, చెయ్యి ఎప్పుడు పోయిందో గుర్తులేదు అనుకున్నాను. పులివెందుల ఆసుపత్రిలో పక్కటెముకకు కట్టు కట్టే నర్సుకూ అదే చెప్పింది. ప్రొద్దుటూరు వచ్చాక వీధి వీధంతటికీ చెప్పింది. షెడ్డులో నా పక్క మగ్గం ఆమె నన్ను చూపించి, రెండు చేతులు కలిపి గట్టిగా పట్టుకున్నట్టు సైగ చేసేది. అలాంటి కోడలుండాల అని.

ఆ ఏడాదంతా నేను పడ్డ నరకం పగవాళ్ళకు కూడా వద్దు. అత్త నోరు తెరిస్తే చాలు, ఇప్పుడు గుర్తొచ్చిందేమో అని చేతిలో పని ఆపేసేదాన్ని. మా ఆయన నాతో ముందుకన్నా మెత్తగా మాట్లాడేవాడు, అది ఇంకా భయం. ఆమెకు అన్నం పెట్టేటప్పుడు కడియం నా చేతికి తగిలితే ఉలిక్కిపడేదాన్ని. "ఏందిమ్మే, కరెంటు కొట్టినట్టు దూకుతాండావు?" అని నవ్వేది ఆమె.

మరుసటి కార్తీకంలో మళ్ళీ ముసురు పట్టింది. అంతకుముందు ఏడేళ్ళు మొహం చూపించని తల్లి ఆ యేడు వెంటనే వచ్చింది. పొద్దున్నే ఫోన్. "అక్కా, దిగింది. నువ్వు రావద్దులే, చెప్దామని చేసినా."

రావద్దంటే ఆగే మనిషా? మా ఆయన చెయ్యగలిగినంత గొడవ చేశాడు. "నీకేమన్నా తిక్కా మా? పోయినేడు సచ్చి బతికినావు."

"యాడ సచ్చినారా? నా కోడలుండాది గదా. చెయ్యి వదిలే రకం గాదు అది." మా అత్త నన్ను చూసి తల ఊపింది. ఆయన విసుక్కుని షెడ్డుకు పోయాడు.

ఇంట్లో మేమిద్దరమే మిగిలాం. ఆమె రాట్నం తిప్పుతోంది. పక్కన పీట మీద కొత్త చీర, పసుపు పొట్లం. ఈమె నా చేతిని నమ్ముకుని మళ్ళీ ఆ ఏట్లో దిగుతుంది. మళ్ళీ ఆ క్షణం వస్తే నేను మళ్ళీ వదిలేస్తాను. ఆ సంగతి నాకు తెలిసినంత బాగా ఇంకేదీ తెలియదు. ఇప్పుడు చెప్పకపోతే ఈసారి నిజంగానే చంపినదాన్నవుతాను. పైట కొంగు నోట్లో కుక్కుకున్నాను, తీశాను. ఆమె ముందు నేల మీద కూర్చున్నాను.

"అత్తా, ఆ పొద్దు నీ చెయ్యి జారల్యా. నేనే వదిలినా."

రాట్నం ఆగలేదు.

"నాకు తెల్దా? చెయ్యి నాది గాదా?"

"మళ్ళ ఊరంతా వదల్లేదని చెప్పుకుంటివే?"

"ఇంకేమని చెప్పాల? నీ పెండ్లాం నన్ను ఏట్లో వదిలేసెరా అని వానికి చెప్తే, వాడు నీతో కాపురం చేసేవాడా? చేస్తే మాత్రం అది కాపురమా?"

"నా మీద కోపం రాల్యా నీకు?"

"ఎందుకు రాదు? ఆ రాయిని కరుచుకున్నంత సేపూ నిన్ను తిట్టిన తిట్టు తిట్టకుండా తిడితిని. నీ వంశమంతా కడిగితిని. ఆ మోతలో నీకు యాడ వినపడతాది?"

అప్పుడు ఆ నోరు ఆడింది స్వామి కోసం కాదన్నమాట. నాకు ఏడుపు ఆగలేదు. ఆమె ఏడవనిచ్చింది. కండె నిండాక తీసి బుట్టలో వేసి, కొత్త కండె గుచ్చింది.

"నీళ్ళలో ఉన్నప్పుడు తిడితిని గానీ, ఒడ్డుకొచ్చినాక ఆలోచన చేసినా," అంది. "నువ్వు పట్టుకునే ఉంటే ఇద్దరం పోయుందుము. నువ్వు వదిలితేనే గదా నాకు రెండో చెయ్యి వచ్చె. ఒంటిచేత్తో ఆ రాయి దొరికేదా నాకు?"

నేను మొహం తుడుచుకున్నాను. తర్వాత గోడకున్న చేట దించి, పీట మీది చీర అందులో పెట్టాను. గాజులు పెట్టాను. ఆ గుండం చప్పుడు అప్పుడే చెవుల్లో మొదలైంది, అరచేతులు తడిసిపోయాయి.

"నేను కూడా వస్తా అత్తా," అన్నాను.

"రా," అంది మా అత్త. "చెయ్యి మాత్రం పట్టుకోవద్దు."